ఆవకాయకున్న రక్షణ పౌరునకు లేదా?

సీసాలో నింపి యమ్ము ఆవకాయపై నెట్టి చీటి యంటింపవలెనో నిర్ణయించు నిబంధన పార్లమెంటు ఉభయసభల యెదుట 30 దినము లుంచబడవలెను. సభలు దానిని మార్పవచ్చును, కొట్టివేయనువచ్చును. ఇది 2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 93వ విభాగము. మనుష్యుని రైలులో నిలిపి పరీక్షించుటకును, ఇతరులనుండి వేరుపరచి యుంచుటకును అధికారమిచ్చు 1897వ సంవత్సరపు అంటువ్యాధుల చట్టములో నట్టి విభాగము లేదు!

ఆ చట్టము పుట్టుక పాఠకు లెరిగినదే. బొంబాయిలో ప్లేగు ప్రబలినపుడు, ప్రజల కుత్తరవాదులు కాని దొరలు ఫిబ్రవరి 4వ తేదీన దానిని గావించిరి. పూనాలో సోల్జర్లు ఇండ్లు జొరబడి సోదాలు సలిపిరి. జూన్ 22వ తేదీన ప్లేగు అధికారి రాండు కాల్పులకు గురియయ్యెను. కేసరిలోని వ్రాతలకై తిలకు మహాశయునకు 18 మాసముల కఠినశిక్ష విధింపబడెను. అట్టి ప్రభుత్వము ప్రజాప్రతినిధుల పరిశీలన కోరకుండుట వింత గాదు. స్వరాజ్యము వచ్చి 70 ఏండ్లు దాటిన పిమ్మటను మన రాష్ట్రప్రభుత్వములు 2020 మార్చిలో ఆ చట్టమునే చేపట్టుట వింత.

ఆ మార్చి 23వ తేదీన పార్లమెంటు వాయిదాపడెను. 24వ తేదీ రాత్రి దేశమెల్ల మూతపడెను. కేంద్రము వారి కాధారమైన 2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము నియమములను సభలకు సమర్పింపుమన్నది గాని, ఉత్తరువులను సమర్పింపుమనలేదు. దేశము నడచిన దుత్తరువులమీదనే. సెప్టెంబరు 14వ తేదీన సభలు కూడినను ప్రశ్నోత్తరముల కాలము తీసివేయబడెను. శీతకాలపు సమావేశము జరుగనేలేదు. ఆ సెప్టెంబరులోనే 1897 చట్టమును సవరించి వైద్యులపై దౌర్జన్యమునకు శిక్షలు పెంచిరి. మంచిదే. అసలు లోపము మాత్రము మిగిలిపోయెను.

వ్యాధి సభల చర్చకై కాచుకొని యుండునా యని యధికారు లడుగుదురు. ఉండదు; ఉత్తరువును వెంటనే యమలు జరుపుడు, పిదప సభకు తెండు. ఇంగ్లండులో 1984వ సంవత్సరపు చట్టము ప్రకారము అత్యవసర నిబంధనను, సభలకు సెలవైన దినములు మినహాయించి, 28 దినములలో ఉభయసభలు ఆమోదింపనిచో నది చెల్లదు. 2020 మార్చి 26వ తేదీనాటి నిబంధనలు కామన్సు సభలో చర్చకు వచ్చినది మే 4వ తేదీన. ఆలస్యమే, అయినను మంత్రి లేచి బదులు చెప్పవలసివచ్చెను.

న్యాయస్థానములు లేవా యందురు. ఉన్నవి. అధికారము కలదా యని న్యాయమూర్తి విచారించును. ఆ యధికారమును వివేకముతో వాడితిరా, కూలివాని కూటి మాటేమి యని యడుగవలసినది ప్రతినిధి.

ప్రజారోగ్యము రాజ్యాంగమున రాష్ట్రముల పట్టికలోని విషయము. కావున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు ఢిల్లీ వైపు చూచుచు కూర్చుండ నక్కరలేదు. అంటువ్యాధి పేర వెలువడు ప్రతి యుత్తరువును సభ కూడిన 7 దినములలో సమర్పింపవలెననియు, 28 దినములలో ఆమోదము లేనిచో రద్దగుననియు, వ్యాధి ప్రకటించిన 30 దినములలో సభను పిలువవలెననియు మూడు విభాగముల బిల్లు చాలునని మా యభిప్రాయము. దీనిని రాబోవు సమావేశములలో ప్రవేశపెట్టుదురా యని పఠనమందిరముల సభ్యులు తమ శాసనసభ్యులకు వ్రాసి, వచ్చిన ప్రత్యుత్తరమును మాకు పంపుదురుగాక.