మెసేజ్ పంపేది వాళ్లు, ఆపుకునే తిప్పలు మనవా?

కొత్త ఫోన్ రివ్యూ అంటే కెమెరా, బ్యాటరీ, హీటింగ్, గేమింగ్. అదే ఫోన్‌లో సిమ్ వేసిన పది నిమిషాలకే లోన్ ఆఫర్ మెసేజ్ వస్తే మాత్రం ఎవరూ పట్టించుకోరు. "మామూలే కదా" అని స్వైప్ చేసేస్తాం. నా కంప్లైంట్ ఆ "మామూలే" మీదే.

ఒకప్పుడు ఈ దోపిడీ నేరుగా డబ్బుతోనే నడిచేది. కాలర్ ట్యూన్, జాతకం, క్రికెట్ అలర్ట్స్... ఏదో పాపప్ మీద వేలు తగిలితే చాలు, బ్యాలెన్స్ కట్. మా నాన్న ఫోన్‌లో 50 రూపాయలు వేయిస్తే తెల్లారేసరికి 20 మిగిలేది. ఆయనేమో రీఛార్జ్ షాపతన్ని తిట్టేవారు, పాపం! 2013లో ట్రాయ్ ఒక రూల్ తెచ్చింది. ఏ సర్వీసైనా మొదలవ్వాలంటే కస్టమర్ రెండుసార్లు ఒప్పుకోవాలి, ఆపాలంటే 155223కి ఫోన్ చేస్తే చాలు. ఇందులో నాకు నచ్చింది ఒకటే. "కస్టమర్ ఒప్పుకున్నాడు" అని చూపించాల్సిన బరువు కంపెనీ మీద పడింది.

ఇప్పుడు అన్నీ అన్‌లిమిటెడ్ ప్యాక్‌లే. చాలామందికి మెయిన్ బ్యాలెన్స్ సున్నా. కట్ చేసుకోవడానికి ఏమీ లేదు కాబట్టి మన నంబరే సరుకైపోయింది. బిల్ కౌంటర్ దగ్గర "నంబర్ చెప్పండి సార్" అనగానే చెప్పేస్తాం. నంబర్ ఇవ్వాలని బలవంతం చేయొద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ షాపులకి చెప్పింది. వెనక పదిమంది క్యూలో ఉంటే ఆ మాట ఎవరు గుర్తుచేస్తారు చెప్పండి?

నంబర్ ఒక్కటే పోతే అదృష్టమే. 2020 చివర్లో హైదరాబాద్‌లో బయటపడిన లోన్ యాప్ కేసులు గుర్తున్నాయా? యాప్ అడిగిన కాంటాక్ట్స్ పర్మిషన్ ఒక్కటి నొక్కితే, బాకీ పేరుతో బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీశారు. ప్రాణాలు పోయాయి. పర్సనల్ లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్, ఫొటోలు అందకుండా గూగుల్ ప్లే రూల్ పెట్టింది 2023లో. అంత లేటు ఎందుకైందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఎస్ఎంఎస్ విషయంలో పరిస్థితి కొంత నయం. పంపేవాళ్ల పేరు చివర పీ ఉంటే ప్రమోషన్, ఎస్ అంటే సర్వీస్, టీ అంటే లావాదేవీ, జీ అంటే గవర్నమెంట్. 2025 సవరణ తర్వాత, స్పామ్ వచ్చిన 7 రోజుల్లోపు 1909కి గానీ, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ కంప్లైంట్ చేయొచ్చు. రిజిస్టర్ చేసుకోకుండా పంపేవాళ్ల మీద ఇదివరకు 7 రోజుల్లో 10 కంప్లైంట్లు వస్తేనే చర్య. ఇప్పుడు 10 రోజుల్లో 5 చాలు. అందుకే ఊరికే బ్లాక్ కొట్టి వదిలేయకండి. బ్లాక్ చేస్తే మీ ఒక్కరికే ఆగుతుంది, కంప్లైంట్ అయితే లెక్కలోకి వస్తుంది.

అయినా అసలు లొసుగు వేరే చోట ఉంది. వాట్సాప్, ఆర్‌సీఎస్‌లో వచ్చే యాడ్స్‌కి ఈ ట్రాయ్ రూల్స్ పట్టవు. స్పామ్ ఎక్కువైందని 2022లో మన దేశంలో ఆర్‌సీఎస్ ప్రమోషన్లని ఆపింది గూగులే. అంటే ఆపడమైనా, మళ్లీ మొదలుపెట్టడమైనా కంపెనీ ఇష్టం. ఎస్ఎంఎస్‌లో తలుపేస్తే కిటికీలోంచి వస్తున్నారు, అంతే తేడా.

2023 డేటా రక్షణ చట్టంలో ఒక మంచి మాట ఉంది: అనుమతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, కానీ కంపెనీలు పాటించడానికి 18 నెలల గడువిచ్చారు. మన డేటా వాడుకోవడానికి వాళ్లకి 18 సెకన్లు కూడా పట్టలేదు మరి!

ఈలోపు మన రివ్యూయర్లు ఒక పని చేయొచ్చు. కొత్త ఫోన్‌తో వచ్చే యాప్‌లు మొదటి రోజు ఎన్ని పర్మిషన్లు అడిగాయి, ఎన్ని యాడ్ నోటిఫికేషన్లు పంపాయి, వాటిని ఆపడానికి ఎన్ని ట్యాప్‌లు పట్టాయి... బెంచ్‌మార్క్ స్కోర్ పక్కనే ఆ నంబర్ కూడా వేయండి.