ఇంటి ముచ్చటలు: నీటియొద్ద నొక దినము

గత మాసమున ఈ శీర్షిక క్రింద ఊరగాయ జాడీల సంరక్షణమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున జాడీలను అటకపై నుంచి, పిల్లలను వెంటబెట్టుకొని నీటియొద్దకు పోవుదము. మేము పోయివచ్చితిమి. సంతోషముతో పోయితిమి, బుద్ధి తెచ్చుకొని వచ్చితిమి. ఆ రెంటిని మీకు చెప్పక దాచుకొనుట న్యాయము కాదని యిది వ్రాయుచున్నాము.

మా బంధువుల పిల్లలు అండమాను దీవులకు పోయివచ్చిరి. కుటుంబమంతయు ఒక పడవను దినమంతటికి మాట్లాడుకొని సముద్రముపై తిరిగిరట. ముఖమునకు అద్దపు తొడుగు, నోట ఒక గొట్టము, కాళ్లకు బాతుపాదములవంటి తొడుగులు ధరించి, నీటిపై బోర్లగా తేలుచు, గొట్టముతో గాలి పీల్చుకొనుచు, అడుగున పగడపు దిబ్బలను వాటి నడుమ తిరుగు రంగురంగుల చేపలను చూచిరట. దానిని స్నార్కెలింగందురు. పిదప పడవవారు చేపలు పట్టి ఇసుకతిన్నెపై నిప్పులమీద కాల్చి పెట్టిరట. ఈ కథ విన్నది మొదలు మా పిల్లలకు నిద్ర లేదు. “మనమెప్పుడు పోదుము?” అని ఒకటే పోరు.

మావారు బడిపంతులు. ఏది యడిగినను పాఠముగా చెప్పుట వారి అలవాటు. “పగడపు పురుగులకు నిర్మలమైన ఉప్పునీరు, ధారాళమైన వెలుతురు కావలెను. మన గోదావరీ కృష్ణలు ఏటేట ఒండ్రుమట్టిని, మంచినీటిని తెచ్చి సముద్రములో కలుపుచుండును. అందుచేత ఆ నదీముఖములయొద్ద నీరు మబ్బుగా నుండును, పగడములు పెరుగవు. అండమాను, లక్షద్వీపములవంటి చోట్లకు పోయిననే ఆ వేడుక. అంత ధనము మనకు లేదు” అని తేల్చివేసిరి. మా అత్తగారు నవ్వి, “దుర్యోధనుడు జలస్తంభన విద్య నేర్చి గొట్టము లేకయే మడుగులో దాగెను. ఫలమేమి? ధర్మరాజు పిలువగనే బయటికి రాక తప్పలేదు” అనిరి. పిల్లలు మాత్రము ఊరకుండలేదు.

మేముండునది పాతనగరములో లాల్ దర్వాజా ప్రాంతము. మాకు నీరు దగ్గర లేకపోలేదు. మీరాలం చెరువు ఎంతో దూరము కాదు. నిజాము దివాను మీర్ ఆలం పేర 19వ శతాబ్దపు తొలి యేండ్లలో కట్టిన ఆ చెరువుకట్ట ఇరువదియొక్క కమానులు వరుసగా పేర్చినట్లుండును; ఆ కమానులే నీటి బరువును మోయుచున్నవి. ఒకప్పుడు పాతనగరమునకు త్రాగునీరు దానినుండియే వచ్చెడిది. ఇప్పుడు మురుగు చేరి, గుర్రపుడెక్క అల్లుకొని, చేయి ముంచుటకును మనసొప్పదు. చెరువును కట్టినవారికంటె చెరువును చెరిచినవారమే యెక్కువమందిమి.

ఇంకొక సంగతియు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసినది. ఆ వరదలో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. ఆ పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులను కట్టిరి. ఒకటి 1920లో, రెండవది 1927లో పూర్తియైనవి. నదికి కట్టలు పడినవి గాని మా యింటి భయమునకు కట్ట పడలేదు. మా మామగారి వంశములో ఆ వరదకు కొందరు పోయిరట. “మన యింటి పిల్లలు నీటి కడకు పోరాదు” అన్న కట్టడి నాటినుండి నాలుగు తరములు నడిచినది. మగపిల్లల విషయమున అది సడలినది. మా అబ్బాయికి తొమ్మిదేండ్లు. రెండు వేసవులు ఈతకొలనుకు పంపితిమి. మా అమ్మాయికి పండ్రెండేండ్లు. “నేనును పోదును” అని అది అడిగినపుడు “నీకెందుకే?” అంటిమి. అన్నది మేమే. మరెవ్వరును కారు.

తుదకు మావారి పూర్వవిద్యార్థి యొకడు దారి చూపెను. వాని మేనమామ నాగార్జునసాగరు జలాశయమున చేపలు పట్టి జీవించువాడు. మాఘమాసమున ఒక ఆదివారమునాడు తన పడవ మాకిచ్చుటకు ఒప్పుకొనెను. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు, నిమ్మకాయలు, నూరిన అల్లము వెల్లుల్లి ముద్ద, విస్తరాకులు మూటగట్టి, తెల్లవారక మునుపే కారులో బయలుదేరితిమి. ఇబ్రహీంపట్టణము, కొండమల్లేపల్లి మీదుగా నూటయేబది కిలోమీటర్ల దారి.

ఆ జలాశయము కేవలము నీరు కాదు సుమీ! 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. అంతటి ఆనకట్ట రాతికట్టడము. ఆ నీటి యడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి యున్నది. మునుగక మునుపే త్రవ్వి తీసిన శిల్పములను, కట్టడములను కొండపైకి చేర్చిరి. ఆ కొండయే నేటి నాగార్జునకొండ ద్వీపము. అక్కడి శాసనములలో చాంతిశ్రీ యను రాజవంశపు స్త్రీ పేరు మరల మరల కనబడును. ఆమె శాంతమూల మహారాజునకు సోదరి, వీరపురుషదత్తునకు మేనత్త. క్రీస్తుశకము మూడవ శతాబ్దములో మహాచైత్యమునకు స్తంభములు నిలిపిన దాత. రాజుల పేర్లు బడిలో చదివిన మా అమ్మాయి, “ఆడవారి పేరుకూడ రాతిమీద ఉన్నదా?” అని ఆశ్చర్యపడినది. మునుపొకసారి లాంచీలో ద్వీపమునకు పోయియున్నందున, ఈసారి గట్టు వెంబడియే తిరిగితిమి.

పడవ యెక్కుటకు ముందే పడవవాడు తేలుడు చొక్కాలు తెచ్చి పట్టీలు తానే బిగించెను. “వదులుగుంటె లాభం లేదమ్మా, నీల్లల్ల పడంగనె మీదికెల్లి ఊడిపోతది” అనెను. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరుకడ విహారపు బోటు మునిగి, మన తెలంగాణమువారు అనేకులు ప్రాణములు కోల్పోయిన సంగతి మీకు జ్ఞాపకముండును. అందుచే మేము మారు పలుకక కట్టుకొంటిమి. మా అత్తగారు మాత్రము గట్టున చెట్టునీడలో కూర్చుండిరి.

వారు వలను సాయంకాలము వేసి తెల్లవారుజామున తీయుదురు. కావున మేము చూచునప్పటికే బొచ్చెలు, రవ్వలు పడవలో మెరయుచుండెను. పిల్లలకొరకు ఎర్ర గ్రుచ్చిన గాలము ఇచ్చిరి. మా అబ్బాయికి ఓపిక లేదు. క్షణక్షణమునకు లాగి చూచుకొనెను. అమ్మాయి బెండుమీద చూపు నిలిపి కదలక కూర్చుండెను. బెండు మునిగినది, ఒక జెల్ల పడినది. దాని రెక్కల ముండ్లు గ్రుచ్చుకొన్న విపరీతమైన మంట పుట్టునట. పడవవాడు గుడ్డతో పట్టి కొక్కెము తీసెను. ఆ పిల్ల ముఖమున నాడు చూచిన కాంతి మరి యే పండుగనాడును చూడలేదు.

ఒడ్డున వంట సాగినది. పడవవాని భార్య చెప్పిన పద్ధతి మీరును వ్రాసియుంచుకొనుడు. చేప పొలుసు తీసి, కడుపు శుభ్రపరచి, రెండు ప్రక్కల ఏటవాలుగా గాట్లు పెట్టవలెను. ఉప్పు, పసుపు, నిమ్మరసము పట్టించి కొంతసేపు ఉంచి, తరువాత అల్లము వెల్లుల్లి, కారము, ధనియాల పొడి, కొద్ది నూనె కలిపి గాట్లలోనికి పోవునట్లు పూయవలెను. మంటమీద కాల్చరాదు. తుమ్మకట్టె మండి నిప్పులై, నిప్పులపై తెల్లని బూడిద పొర కట్టిన పిదప ఇనుప జల్లెడపై నుంచవలెను. ఒక ప్రక్క కాలి తనంతట విడివడువరకు త్రిప్పరాదు. తొందరపడిన చర్మము జల్లెడకే యుండును. వంట ముగిసిన పిదప నిప్పులను ఇసుకతో కప్పి పోరాదు. లోపల గంటలకొలది వేడి నిలిచి పరుల పాదములు కాలును. నీరు పోసి చల్లార్చవలెను.

ఒడ్డు చేరితిమి గదా యని చొక్కాలు విప్పివేసితిమి. అపాయమంతయు నడినీటిలోనే యుండునని మా తలంపు. అమ్మాయి గిన్నె కడుగుటకు నీటి యంచునకు పోయినది. జలాశయము చెరువువంటిది కాదు. మునిగిన కొండల వాలే దాని గట్టు. మోకాటి లోతున నిలిచినవాని తరువాతి యడుగు నిలువు లోతున పడవచ్చును. గిన్నె చేజారినది, దానికై ఒక్క యడుగు వేసినది. అంతే. కేక లేదు, పిలుపు లేదు. మేము పది బారల దూరములో రొట్టెలు పంచుచు, “గిన్నె తెచ్చితివా?” అని తల త్రిప్పునప్పటికి నీటిపై వెండ్రుకలు మాత్రము కనబడినవి.

మా కాళ్లు కదలలేదు. అబ్బాయి దుముకబోయెను. పడవవాని భార్య వాని చేయి పట్టి వెనుకకు లాగి, తాను గట్టున బోర్లపడి, పడవ నడుపు తెడ్డును నీటిలోనికి చాచి, “పట్టు బిడ్డా, పట్టు!” అని అరచినది. మా తల్లి చేతికి ఆ తెడ్డు తగిలినది. పట్టుకొన్నది. పది లెక్కించునంత కాలము కూడ కాలేదు. ఒడ్డున దగ్గి, నీరు కక్కి, ఏడ్చినది. అప్పుడు మాకు ఊపిరి వచ్చినది.

ఆ యిల్లాలు తన కొంగుతో పిల్ల తల తుడుచుచు మమ్మడిగిన మాట ఇది: “మా పోరిలకు నడక రాంగనె ఈత నేర్పుతం. గింత సదువుకున్నోల్లు, మీరెందుకు నేర్పలేదమ్మా?”

మేమేమి చెప్పగలము? చిన్ననాడు మా తండ్రిగారు మాకు భారతము చెప్పిరి. యమునపై పడవ నడిపిన సత్యవతి కథ కంఠతా వచ్చును. ఏ ప్రబంధము విప్పినను జలక్రీడావర్ణనము తప్పదు. నాయికలు, చెలికత్తెలు కొలనులలో ఈదుచునే యుందురు. అవి యన్నియు చదివి అర్థము చెప్పగల మాకు మోకాటి లోతు నీట నిలుచుట రాదు, బిడ్డకు రానీయలేదు.

తిరుగు దారిలో ఎవరును మాటాడలేదు. ఇబ్రహీంపట్టణము దాటిన పిదప మా అత్తగారు నెమ్మదిగా, “నాకు ఈత వచ్చును” అనిరి. మేము ఉలికిపడితిమి. తమ పుట్టినయూరి దిగుడుబావిలో ఎండిన సొరకాయ బుర్రను నడుమునకు కట్టుకొని ఎనిమిదవ యేట నేర్చిరట. ఈ యింటికి కోడలుగా వచ్చిన నాడు ఇచటి కట్టడి విని, ఆ మాట నోట రానీయలేదట. “నలువదియేండ్లు నోరు మూసుకొంటిని. నా మనుమరాలు నా కన్నులయెదుట మునిగినది. నేను లేచునప్పటికే ఆ తల్లి తెడ్డు చాచినది. దానికి నేర్పకుండుట నీ తప్పు, అడుగకుండుట నా తప్పు” అని కన్నీరు పెట్టుకొనిరి. ఆ దినము మా యింట విరిగినది భయము కాదు, మౌనము.

సోదరీమణులారా! పిల్లలను నీటికి దూరముగా నుంచినంత మాత్రమున రక్షణ కలుగదు. నీటి ప్రమాదములు లోకమంతట పిల్లలను బలిగొనుచున్నందుననే ఐక్యరాజ్యసమితి 2021లో తీర్మానించి, జూలై 25ను మునక నివారణ దినముగా నిర్ణయించినది. ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు. మునుగువారు సాధారణముగా కేకలు వేయరు. కావున నీటియంచున పిల్లలున్నంతసేపు పెద్ద యొకరు వేరు పని పెట్టుకొనక కనిపెట్టి యుండవలెను. ఆపద కలిగిన వెంటనే దుముకరాదు. కఱ్ఱయో, చీరకొంగో, మూతబెట్టిన ఖాళీ డబ్బాయో అందింపవలెను. తడిసిన చీర కాళ్లకు చుట్టుకొనును. పడవ యెక్కు దినమున వేరు దుస్తులు మేలు. వెలికి తీసినవారిని తలక్రిందులుగా త్రిప్పుట, పొట్ట నొక్కుట కూడదు. ఊపిరి లేనిచో నోటితో ఊపిరి యూది, రొమ్ముపై నొక్కుచు, 108కు కబురంపవలెను.

1959లో ఆరతీ సాహా ఇంగ్లీషు కాలువను ఈది, ఆసియా స్త్రీలలో మొదటిదిగా పేరు పొందినది. మన బిడ్డలు కాలువలు దాటనక్కరలేదు. గట్టు చేరగలిగిన చాలును. మా అమ్మాయి ఇప్పుడు వారమునకు నాలుగు దినములు స్త్రీలకు ప్రత్యేకించిన వేళ ఈతకొలనుకు పోవుచున్నది. తోడుగా మా అత్తగారు పోయి, గట్టున కూర్చుండి, “కాళ్లు తిన్నగా చాపు!” అని గద్దించుచున్నారు. మేమును ముప్పదియైదవ యేట నీటిలో దిగితిమి. ఇంకను కడ్డీ వదలలేదు. వచ్చు మాసమునకు వదలినచో మీకు తప్పక తెలియజేయుదుము.