ప్రయోగం సంస్థది, నష్టం కార్యకర్తదా?

ముదిగుబ్బలో ఒక స్వచ్ఛంద సంస్థ తన గ్రామ కార్యకర్తల కోసం పెట్టిన వర్క్‌షాపులో ఆ మధ్య ఒక రోజంతా కూర్చున్నాను. నగరం నుంచి వచ్చిన శిక్షకుడు బోర్డు మీద త్రాసు బొమ్మ గీసి, ఒక తట్టలో 'ఉత్తమ పనితీరు' అనీ, రెండో తట్టలో 'కొత్తదనం' అనీ రాశాడు. ఈ రెంటినీ సమతూకంలో ఉంచే పని సంస్కృతిని నిర్మించుకోవడం ఆ రోజు చర్చనీయాంశం. 'భయపడకండి, ప్రయోగాలు చేయండి, తప్పులు జరిగినా ఫర్వాలేదు' అన్నాడు. వెనక వరసలోంచి ఒక కార్యకర్త లేచి, 'సార్, కొత్తది ఏమన్నా చేసి అది కాకపోతే ఆ నెల జీతం వస్తాదా, రాదా?' అని అడిగింది. అందరూ నవ్వారు. శిక్షకుడూ నవ్వాడు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

పని సంస్కృతి గురించి మనకు చెప్పే పాఠాలన్నీ దాటవేసేది సరిగ్గా ఈ ప్రశ్ననే. ప్రయోగం విఫలమైతే ఆ నష్టం ఎవరు మోస్తారు? దీనికి జవాబు చెప్పకుండా కొత్తదనం గురించి మాట్లాడడం మోసం.

ఈ ప్రశ్న ముదిగుబ్బలో రావడంలో ఆశ్చర్యం లేదు. 2022 ఏప్రిల్‌లో ఈ మండలం అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది గాని, వాన మాత్రం మారలేదు. వానను నమ్ముకుని శెనక్కాయ వేసే ఈ మెట్ట నేలలో ప్రతి విత్తూ ఒక ప్రయోగమే. ఇక్కడి ఆడవాళ్ళు శెనక్కాయ సాళ్ళ మధ్య కంది, అలసంద, ఆముదం వేయించేది ఒకటి పోయినా ఇంకొకటి పొయ్యి వెలిగిస్తుందని. కొత్త విత్తనం వేసి చూసేది ఎవరు? ఆ విత్తనం పోయినా తిండికి లోటు లేనివాళ్ళు. భద్రత లేనిచోట కొత్తదనం ఉండదని ఇక్కడి రైతుకూలీ స్త్రీకి ఎవరూ శిక్షణ ఇచ్చి చెప్పనక్కరలేదు. ఈ మాట మన సంస్థలకే తెలియడం లేదు.

అతి పెద్ద ఉదాహరణ మన ప్రతి ఊళ్ళోనూ ఉంది. 1975 అక్టోబర్ 2న ఐ.సి.డి.ఎస్. మొదలైన నాటినుంచి అంగన్‌వాడీ కార్యకర్తను ప్రభుత్వం ఉద్యోగిగా గుర్తించలేదు. ఆమెకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. బిడ్డ బరువు, గర్భిణి ఆహారం, కేంద్రం తెరిచిన వేళ అన్నీ ఫోనులోకి ఎక్కించాలి. కొత్తదనం పైనుంచి దిగింది, పనితీరు లెక్క కిందినుంచి ఎక్కింది. ఆ రెంటి మధ్యా ఉన్న స్త్రీని ఏం కావాలని ఎవరూ అడగలేదు. చివరికి ఆమే అడిగింది. కనీస వేతనం, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబర్ 12న మన రాష్ట్రంలో సమ్మె మొదలైంది. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. అయినా 42 రోజులు రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే సేవకురాలు, పని ఆపితే అత్యవసర ఉద్యోగి. ఇంతకంటే నిజాయితీగా ఏ పాలకవర్గమూ తన పని సంస్కృతిని ప్రకటించుకోలేదు.

ప్రభుత్వాన్ని విమర్శించడం మనకు సులువు. మన ఇంటి సంగతి చూద్దాం. మన సంస్థల్లో ఎన్నిటిలో గ్రామ కార్యకర్తకు నియామకపత్రం ఉంది? ప్రావిడెంట్ ఫండ్ ఉంది? సమీక్షా సమావేశం సాయంత్రం ఆరుదాకా సాగితే, చివరి బస్సు తప్పిపోయిన ఆమె ఊరు ఎలా చేరుతుందో ఎవరైనా ఆలోచించారా? 'ఉత్తమ పనితీరు' అన్న కొలబద్ద తయారైంది ఇంట్లో వండి పెట్టే మనిషి ఉన్న మగవాడి కోసం. నీళ్ళు పట్టి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి వచ్చే మనిషిని అదే కొలబద్దతో కొలిచి, 'చొరవ తక్కువ' అని రాసే అలవాటు స్త్రీవాద సంస్థలకూ ఉంది.

నేనూ ఈ విమర్శకు బయట లేను. కొన్నేళ్ళ క్రితం ఈ ప్రాంతంలోనే బడి మానేసిన ఆడపిల్లల మీద అధ్యయనం చేస్తున్నాను. ఇంటింటికీ తిరిగి అడిగితే అందరూ 'బడికి పోతాది' అనే చెప్పారు. నాతో తిరిగిన కార్యకర్త ఒకామె, 'ఇట్లా తెలీదక్కా, బెంగుళూరుకు పోయే బస్సు కాడ తెల్లారుజామున నిలబడితే తెలుస్తాది' అంది. నిలబడ్డాం. తెలిసింది. నా నివేదికలో అది 'వినూత్న పరిశోధనా పద్ధతి' అయింది. ఆమె మాత్రం 'క్షేత్ర సహాయకులకు కృతజ్ఞతలు' అన్న ఒక వాక్యంలో కలిసిపోయింది. నాకు తర్వాత మరో ప్రాజెక్టు వచ్చింది. ఆమె పని ప్రాజెక్టుతోపాటే ముగిసింది. ఇది దొంగతనమని ఒప్పుకోవడానికి సోషియాలజీలో డాక్టరేట్ ఉన్న నాకు చాలాకాలం పట్టింది.

పనిని నిజంగా బాగా చేసినందుకే శిక్ష అనుభవించిన కార్యకర్త కథ మన ఉద్యమానికి కొత్తది కాదు. భన్వరీ దేవి రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్. బాల్యవివాహం ఆపబోవడం ఆమె ఉద్యోగంలో భాగం. అందుకే 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం ఆ గాయంలోంచే వచ్చాయి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల ఫిర్యాదుల కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలని ఆ చట్టం చెబుతోంది. ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో మన కార్యకర్తల్లో ఎందరికి చెప్పాం? ఆ భరోసా ఇవ్వకుండా ఊళ్ళో పెద్దల్ని ఎదిరించమని ఆమెను ఏ ముఖంతో పంపుతున్నాం?

కొత్తదనం నిజంగా ఎక్కణ్ణించి వస్తుందో కూడా మనకు తెలుసు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం లక్ష్యం అక్షరాలు నేర్పడం. దూబగుంట స్త్రీలు చదువుకుంటూ చదువుకుంటూ సారా దుకాణం మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారాను నిషేధించక తప్పలేదు. సారా దుకాణం మూయించడం ఏ లక్ష్యాల పట్టికలో ఉంది? ఈనాటి మన నెలవారీ నివేదికల లెక్కన చూస్తే, తరగతి వదిలేసి దుకాణం ముందు కూర్చున్న రాత్రి వాళ్ళ హాజరు సున్నా.

'నిధులు మన చేతిలో లేవు కదా, ఇచ్చేవాళ్ళు ఫలితాలు అడుగుతారు' అని మిత్రులు అంటారు. నిజమే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. ఊపిరాడని పరిస్థితే. కాని కోత వేయవలసి వచ్చినప్పుడు మొదట ఎవరి పేరు కొట్టేస్తున్నాం అన్నది పూర్తిగా మన నిర్ణయం. వర్క్‌షాపులకూ, హోటల్ హాళ్ళకూ దొరికే డబ్బు కార్యకర్త పి.ఎఫ్.కు దొరకకపోవడం నిధులిచ్చేవాళ్ళ తప్పు కాదు.

కాబట్టి పనితీరుకూ కొత్తదనానికీ మధ్య సమతూకం అనే మాట పక్కన పెడదాం. ఆ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు. రెంటికీ శత్రువు అభద్రత. ప్రతి కార్యకర్తకూ రాతపూర్వక నియామకం, వేతనం, పి.ఎఫ్. ఇవ్వాలి. ప్రతి ప్రాజెక్టు బడ్జెట్‌లోనూ ఫలించని ప్రయోగానికి కొంత డబ్బు కేటాయించాలి. నెలలో కనీసం రెండు రోజులు ఏ లక్ష్యమూ లేకుండా ఆమె ఊరిని ఆమె చూసుకునే వీలుండాలి. ఆలోచన ఎవరిదో వాళ్ళ పేరు, వాళ్ళు ఒప్పుకుంటే, నివేదికలో ఉండాలి. సమీక్షలో మనం వాళ్ళను ప్రశ్నించినట్టే వాళ్ళు మనల్ని ప్రశ్నించాలి.

ఈ పత్రిక చదివే ప్రతి సంస్థా తన తర్వాతి సమావేశంలో ముదిగుబ్బ కార్యకర్త అడిగిన ప్రశ్ననే మొదటి అంశంగా పెట్టాలి. కొత్తది చేసి అది కాకపోతే ఆ నెల జీతం వస్తుందా, రాదా? జవాబు నోటిమాటగా కాదు, నియామకపత్రంలో ఉండాలి.