దాణా సంచిపై లైసిన్ లెక్క రాయాలి

సీమపందుల పెంపకంలో ప్రతి 100 రూపాయల ఖర్చులో సుమారు 70 రూపాయలు మేతకే పోతాయి. ఆ మేతలో అన్నిటికంటే ఖరీదైన భాగం ప్రోటీన్. ప్రోటీన్ అనగానే మనకు గుర్తొచ్చేది సోయా చెక్క. 2021లో సోయా చెక్క ధర మండిపోయినప్పుడు కోళ్లు, పందులు, చేపలు పెంచేవారంతా ఒకేసారి దెబ్బతిన్నారు. ఆ ఏడాది ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతిచ్చింది. పంట కోతకు రాబోతున్న సోయా రైతుకు అది గుండెల్లో రాయి పడ్డట్టయింది. పంట పండించే రైతునూ జీవాలను పెంచే రైతునూ ఎదురెదురుగా నిలబెట్టే ఈ పరిస్థితి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. మేత ఖర్చు తగ్గించుకునే దారుల్లో ఒకటి పందికి కావలసిన అమైనో ఆమ్లాల లెక్క తెలుసుకోవడం. ఆ లెక్క నేడు దాణా కంపెనీలకు తెలుసు. రైతుకు తెలియదు.

పందికి కావలసింది ప్రోటీన్ శాతం కాదు. ఆ ప్రోటీన్ విడిపోగా వచ్చే అమైనో ఆమ్లాలు కావాలి. వాటిలో సుమారు పదింటిని పంది తన ఒంట్లో తగినంత తయారు చేసుకోలేదు. మేతలోంచే అందాలి. జోడెడ్లలో ఒకటి నీరసంగా ఉంటే రెండోది ఎంత బలమైనదైనా అరక నడిచేది నీరసపు ఎద్దు నడకతోనే. అమైనో ఆమ్లాలూ అంతే. ఏది తక్కువైతే పంది పెరుగుదల దాని దగ్గరే ఆగిపోతుంది. మిగిలినవి ఎంత ఎక్కువగా ఉన్నా మూత్రంలో నత్రజనిగా బయటకు పోతాయి. అంటే మనం కొన్న ప్రోటీన్ కొంత పేడదిబ్బ పాలవుతుంది.

మొక్కజొన్న, నూకలు, తవుడు మీద నడిచే మేతల్లో అందరికంటే ముందు కొరవడేది లైసిన్. మొక్కజొన్నలో లైసిన్ పావు శాతం మాత్రమే ఉంటుంది. సోయా చెక్కలో దాదాపు 2.8 శాతం ఉంటుంది. రాయలసీమలో తేలిగ్గా దొరికే వేరుశనగ చెక్కను చూడండి. ప్రోటీన్ చూస్తే సోయా చెక్కకు ఏమాత్రం తీసిపోదు. లైసిన్ మాత్రం అందులో సుమారు సగమే. 10 కిలోల సోయా చెక్క తీసేసి అంతే వేరుశనగ చెక్క వేస్తే కాగితం మీద ప్రోటీన్ మారదు. మేతలో మాత్రం సుమారు 125 గ్రాముల లైసిన్ తగ్గిపోతుంది. పంది ఎదగలేదని రైతు జాతిని తిడతాడు, పిల్లలు అమ్మినవాణ్ణి తిడతాడు. అసలు లోటు తొట్టిలో ఉంటుంది.

ఈ లోటును పూడ్చేందుకే విడిగా లైసిన్ దొరుకుతోంది. మార్కెట్లో అమ్మే లైసిన్ హైడ్రోక్లోరైడ్ పొడిలో సుమారు 78 శాతం లైసిన్. పై ఉదాహరణలో పోయిన 125 గ్రాములకు 160 గ్రాముల పొడి సరిపోతుంది. పోషణ నిపుణులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న లెక్క ఇంకొకటి ఉంది. టన్ను మేతలో 50 కిలోల సోయా చెక్క చేసే పనిని, లైసిన్ మేరకు, 48.5 కిలోల మొక్కజొన్న, ఒకటిన్నర కిలోల లైసిన్ పొడి కలిసి చేయగలవు. ఆ రోజు ధరలు కాగితం మీద వేసుకుంటే ఎంత మిగులుతుందో ఎవరికి వారు చూసుకోవచ్చు. మొక్కజొన్న ధర పెరిగి సోయా చెక్క ధర పడిపోయిన రోజున ఏమీ మిగలకపోవచ్చు కూడా. అందుకే ఈ లెక్క ప్రతి నెలా వేసుకోవాలి.

దీనికి ఒక హద్దు ఉంది. సోయా చెక్క ఇంకా తగ్గించి లైసిన్ పెంచుకుంటూ పోతే తర్వాత థ్రియోనిన్, మిథియోనిన్, ట్రిప్టోఫాన్ కొరవడతాయి. లైసిన్ 100 పాళ్లు అనుకుంటే థ్రియోనిన్ 60 నుంచి 65, మిథియోనిన్, సిస్టీన్ కలిపి 55 నుంచి 60, ట్రిప్టోఫాన్ 17 పాళ్లు ఉండాలని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పొత్తు కుదరనప్పుడు లైసిన్ మీద పెట్టిన డబ్బు కూడా వృథాయే. పాలు మరిచిన చిన్న పిల్లలకు, పాలిచ్చే తల్లి పందులకు ఇలాంటి ప్రయోగాలు సొంతంగా చేయకూడదు. బూజు పట్టిన వేరుశనగ చెక్కలోని అఫ్లాటాక్సిన్ విషాన్ని ఏ లైసిన్ విరగ్గొట్టలేదు. గ్రాముల్లో వేసే పొడిని ముందు నాలుగైదు కిలోల మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, ఆ తర్వాతే మొత్తం మేతలో కలపాలి. గుప్పెడతో కొలిచి చల్లితే ఒక పందికి అందుతుంది, ఇంకొక పందికి అందదు.

ఖర్చు ఒక్కటే కాదు, ఊరి సంగతి కూడా ఉంది. అమైనో ఆమ్లాల పొత్తు చెడకుండా మేతలో ప్రోటీన్‌ను ఒక శాతం తగ్గిస్తే పందులు విసర్జించే నత్రజని సుమారు 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. షెడ్డులో అమ్మోనియా ఘాటు తగ్గుతుంది. వాసన పేరుతో పంచాయతీలో ఫిర్యాదులు ఎదుర్కొనే పెంపకందారులకు ఇది చిన్న విషయం కాదు.

ఇంత ఉపయోగం ఉన్నా రైతు ఎందుకు మోసపోతున్నాడు? దాణా సంచి మీద సాధారణంగా కనిపించేది క్రూడ్ ప్రోటీన్ శాతం. ప్రయోగశాలలో నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేసి ఆ అంకె వేస్తారు. నత్రజని చెక్కలోంచి వచ్చిందా, యూరియాలోంచి వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. యూరియాను పశువు కొంతవరకు వాడుకోగలదు. పంది వాడుకోలేదు. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ కలిపి పసిపిల్లల ప్రాణాలు తీసినవారు ఈ లొసుగునే వాడుకున్నారు. ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే డీడీజీఎస్ కూడా ఇప్పుడు దాణాల్లోకి చేరుతోంది. అందులో ప్రోటీన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. సంచి మీద లైసిన్ రాయనంత కాలం 18 శాతం ప్రోటీన్ అన్న మాటకు రైతు డబ్బు కడుతూనే ఉంటాడు. ఇక లైసిన్ ఎంతుందో చెప్పకుండా ‘అమైనో ఆమ్లాల టానిక్’ పేరుతో సీసాలు అమ్మే వ్యాపారం వేరే.

లైసిన్ మార్కెట్‌నూ గుడ్డిగా నమ్మలేం. 1990లలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియాలకు చెందిన ఐదు కంపెనీలు కుమ్మక్కై ప్రపంచమంతటా లైసిన్ ధర పెంచాయి. వాటిలో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ 1996లో నేరం ఒప్పుకుని, సిట్రిక్ యాసిడ్ కేసుతో కలిపి 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఆ కంపెనీ అధికారులు జైలుకు వెళ్లారు. నేడు లైసిన్ ఉత్పత్తిలో చైనాదే పైచేయి. మనం వాడేదానిలో అధిక భాగం దిగుమతే. విచిత్రం ఏమిటంటే, లైసిన్ తయారయ్యేది మొక్కజొన్న పిండిపదార్థాన్ని, బెల్లపు మడ్డిని సూక్ష్మజీవులతో పులియబెట్టి. ఆ ముడిసరుకు పండించేది మన రైతులే.

సోయా సాగు చేసే మన సభ్యులు ఒక ప్రశ్న వేయవచ్చు. లైసిన్ వాడకం పెరిగితే మా సోయాకు గిరాకీ తగ్గదా అని. ప్రశ్న న్యాయమైనదే. పెద్ద దాణా కంపెనీలు లైసిన్‌ను ఇప్పటికే వాడుతున్నాయి, ఆ లాభం అవే తింటున్నాయి. తవుడు, హోటల్ వ్యర్థాల మీద పందులను సాకే చిన్న పెంపకందారు నేడు సోయా చెక్క కొనడమే అరుదు. అతనికి లైసిన్ దొరికితే సోయా రైతుకు పోయేదేమీ లేదు. సోయా రైతును కాపాడవలసింది మద్దతు ధరకు పూర్తి కొనుగోలు. పందుల రైతు అజ్ఞానం దానికి ఆధారం కాకూడదు.

2019 పశుగణనలో దేశంలో పందుల సంఖ్య 90.6 లక్షలకు పడిపోయింది. 2012తో పోలిస్తే 12 శాతం తగ్గుదల. 2020లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చిపడింది. ఉడికించని హోటల్ వ్యర్థాలు ఆ రోగానికి ఒక దారి. వాటిని మానమని చెప్పే ప్రభుత్వం, వాటి బదులు చవకైన మేత ఏదో చూపించాలి. తరతరాలుగా పందులు సాకుతున్న ఎరుకల కుటుంబాలకు, కొత్తగా అప్పు చేసి షెడ్లు వేసిన యువకులకు ఆ దారి చూపే బాధ్యత ఎవరిది?

మన డిమాండ్లు ఇవి. పంది దాణా సంచులన్నిటిపై జీర్ణమయ్యే లైసిన్ శాతం ముద్రించడం తప్పనిసరి చేయాలి. జిల్లాకొక ప్రయోగశాలలో దాణా నమూనాలను నామమాత్రపు రుసుముతో పరీక్షించాలి. పశువైద్య విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు స్థానిక దినుసులతో, అమైనో ఆమ్లాల లెక్కతో మేత పట్టికలు తెలుగులో ఇవ్వాలి. లైసిన్‌ను సహకార సంఘాల ద్వారా చిన్న ప్యాకెట్లలో అమ్మాలి. దేశంలోనే తయారీకి ప్రభుత్వ, సహకార రంగాల్లో పెట్టుబడి పెట్టాలి.

మన మండల కమిటీలు ఈ నెల నుంచే ఒక పని మొదలుపెట్టవచ్చు. మీ ప్రాంతంలో అమ్ముతున్న దాణా సంచుల మీద ఏం రాసి ఉందో రాసుకుని జిల్లా కమిటీకి పంపండి. లైసిన్ ఎంత అని డీలర్‌ను అడగండి. పదిమంది పెంపకందారులు కలిసి అడిగితే ఆ ప్రశ్న కంపెనీ దాకా వెళుతుంది.