ప్రపంచ చరిత్రయు తాండూరు రైతును

ప్రపంచ చరిత్రలోని మహాపరివర్తనములని మన పాఠశాలలలో కొన్ని సంవత్సరములను బాలురచేత వల్లె వేయించుచున్నారు. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనము, 1789లో ఫ్రెంచి విప్లవము, 1861లో అమెరికా అంతర్యుద్ధము, 1917లో రష్యా విప్లవము. బాలురు వీనిని కంఠస్థము చేసి పరీక్షలు గడచుచున్నారు. ఐనను ఆ సంవత్సరములకును మన నల్లరేగడి చేలకును సంబంధమేమని యడుగువారు అరుదు. ఆ సంబంధము తెలియనిచో మన రైతునకు నేడు కలుగుచున్న నష్టమును గూడ సరిగా తెలియజాలమని మా యభిప్రాయము.

అమెరికా అంతర్యుద్ధమునే తీసికొందము. 1861 ఏప్రిల్ 12వ తేదీన ఫోర్టు సమ్టరు దుర్గముపై ఫిరంగులు ప్రేలినవి. నాటికి ఆ దేశమున సుమారు 40 లక్షల మంది నల్లజాతివారు బానిసత్వమున మ్రగ్గుచుండిరి. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులు వాడు ప్రత్తిలో నాలుగింట మూడు పాళ్లకు తక్కువ గాకుండ వచ్చుచుండినది ఆ దేశమునుండియే. లింకను ప్రభుత్వము దక్షిణపు రేవులను నౌకలతో దిగ్బంధించుటతో ఆ ప్రత్తి రాక నిలిచినది; మిల్లులు మూతపడినవి; లక్షలాది కూలీలు పస్తులుండిరి. అట్టి దశలో గూడ 1862 డిసెంబరు 31న మాంచెస్టరు కార్మికులు సభ చేసి, బానిసత్వము నశింపవలయునని లింకనుకు లేఖ వ్రాసిరి. మరునాడే విమోచన ప్రకటనము వెలువడినది. తమ కడుపు కాలుచున్నను న్యాయము పక్షమున నిలిచిన ఆ కార్మికులు సర్వదా స్మరణీయులు.

మిల్లు యజమానుల చూపు మాత్రము మన దేశముపై పడినది. ఖాందేశము, ధార్వాడ, బీరారు ప్రాంతముల ప్రత్తికి మునుపెన్నడు నెరుగని ధర పలికినది. ఆ బీరారు నిజాము రాజ్యమునకు చెందినదే; 1853లో ఇంగ్లీషువారు సైన్యపు ఖర్చుల బాకీ పేర దానిని తమ యధీనము చేసికొనిరి. బొంబాయిలో ధనము వరదవలె పారినది. షావుకార్లు అడిగినంత అప్పు లిచ్చిరి. రైతులు ఆ ధర శాశ్వతమని నమ్మిరి. 1865 ఏప్రిల్ 9న దక్షిణ సేనాని లీ లొంగిపోయినాడు. ప్రత్తి ధర కూలినది. జూలై 1 నాటికి బొంబాయి షేర్ల బజారు దివాలా తీసినది. ధర తగ్గినను అప్పు తగ్గలేదు. పైపెచ్చు సర్కారు శిస్తు హెచ్చినది. 1875 మే 12న పూనా జిల్లాలోని సూపే గ్రామమున రైతులు షావుకార్ల ఇండ్లపైబడి పత్రములను దగ్ధము చేసిరి. అహమదునగరు జిల్లాకును అలజడి ప్రాకినది. ప్రభుత్వము మేల్కొని రుణగ్రస్తులైన దక్కను రైతుల రక్షణకు చట్టము చేసినది 1879లో. యుద్ధము ముగిసిన పదునాలుగేండ్లకు గాని రైతు మొర చట్టపు పుటల కెక్కలేదు.

మన తాలూకా ఈ ప్రపంచపు సంతకు దూరముగా నుండిన కాలము త్వరలోనే గడచినది. 1871లో బొంబాయి రైలుమార్గము రాయచూరు చేరినది. 1874లో వాడినుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికింద్రాబాదుకు నిజాము రైలు నడచినది. అమెరికా యుద్ధమే ఈ పట్టాలను వేయించినదని మేము చెప్పము. పాలకులకు వేరు ప్రయోజనములును గలవు. కాని పట్టాలు పడిన పిదప మన ధాన్యపు ధరను దూరపు రేవులలో నిశ్చయించుట సులభమైనది.

నేటి సంగతి చూడుడు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. గౌరవము కలిగినందుకు సంతోషము. కాని కంది దిగుమతికై మన ప్రభుత్వము 2016లోనే మొజాంబిక్ దేశముతో ఒడంబడిక చేసికొన్నది. 2023 డిసెంబరులో పసుపు బఠానీపై సుంకము తొలగించి, 2025 నవంబరు 1 నుండి 30 శాతము విధించినది. బఠానీ చవుకయైనపుడు కందిధర దానివెంట దిగునని మన యార్డులోని వర్తకు లెరుగనిది కాదు. ప్రత్తి విషయము మరింత శోచనీయము. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినది. ఆ దెబ్బకు తట్టుకొనలేని వస్త్ర పరిశ్రమకు ఊరటగా మన ప్రభుత్వము ఆగస్టు 19 నుండి ప్రత్తిపై గల 11 శాతము దిగుమతి సుంకమును ఎత్తివేసినది. మొదట సెప్టెంబరు 30 వరకని చెప్పి, పిదప డిసెంబరు 31 వరకు పొడిగించినది. అప్పటికి మన రైతు విత్తి రెండు నెలలైనది. ఆబోతులు కుమ్ములాడుకొని లేగల కాళ్లు విరుగద్రొక్కిన చందమైనది.

మిల్లు కూలీల బ్రతుకు గూడ కాపాడవలసినదే. అందు మాకు విప్రతిపత్తి లేదు. మద్దతు ధర గలదు గదా యని కొంద రందురు. 2025-26కు పొడవు పింజ ప్రత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు నిర్ణయించిన మాట నిజము. కాని తేమ 12 శాతము మించిన సరకును కొనుగోలు కేంద్రము త్రిప్పి పంపును. ఎండబెట్టి వేచియుండుటకు అప్పులవాడు ఆగడు. దక్కిన ధరకు అమ్ముకొని పోవును. 1865లో రైతు చిక్కిన ఉచ్చు ఇదియే.

నోటీసు ఇవ్వక ఏ న్యాయస్థానమును డిక్రీ చేయదు. రైతు జీవనమును తారుమారు చేయు సుంకమునకు ఆపాటి మర్యాద యేల యుండరాదు? పంటల దిగుమతి సుంకములను ఏటేట మృగశిర కార్తెకు ముందే ప్రకటింపవలయును. ఆ పంట అమ్ముడగువరకు వానిని తగ్గింపరాదు. అత్యవసరము వచ్చి తగ్గింపక తప్పనిచో, తన్మూలమున కలిగిన నష్టమును ప్రభుత్వమే రైతునకు చెల్లింపవలయును. ఈ మూడు కోర్కెలను మన శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును సభలయం దెత్తునట్లు పట్టణములోని విద్యావంతులు పట్టుబట్టవలెను.

పఠనాలయముల నిర్వాహకులకును ఒక మనవి. విదేశ వార్తల పత్రిక ప్రక్కనే ఆనాటి కంది, ప్రత్తి ధరలను ఒక పలకపై వ్రాసి యుంచుడు. కొన్ని మాసములు రెంటిని కలిపి చదివిన పాఠకునకు పై కోర్కెల యావశ్యకతను మేము వేరుగా బోధింప నక్కరలేదు.