లశునము, రసోనము, ఎల్లిగడ్డ

అమరకోశం వల్లెవేసే వయస్సులో లశునమనే శబ్దం నాకు పట్టుబడింది గాని, ఆ వస్తువు మా పాఠశాల వంటశాల గడప దాటి లోనికి రాలేదు. గృంజనం, అరిష్టం, మహాకందం, రసోనకం అని వనౌషధివర్గంలోని పర్యాయాలను గడగడ అప్పజెప్పిన మాకు దాని వాసన తెలియదు. ద్విజులకు మనుస్మృతి పంచమాధ్యాయం నిషేధించిన కందాదులలో దీని పేరే ముందు వినబడుతుంది. అక్కడ గృంజనం వేరొక వస్తువుగా లెక్కకు వచ్చింది. అమరసింహునికి రెండూ ఒకటే. శబ్దం మాత్రమే నేర్చినవారికి ఈ భేదం స్ఫురించదు.

చాలా ఏండ్ల క్రిందట కోరుట్ల ప్రాంతపు విద్యార్థి ఒకడు తన వ్యాసంలో 'ఎల్లిగడ్డ' అని వ్రాస్తే, గ్రామ్యమని ఎర్రసిరాతో కొట్టి 'వెల్లుల్లి' అని దిద్దాను. అతడు మారు పలుకలేదు. ఆ దిద్దుబాటు సరికాదని ఇప్పుడు నా నిశ్చితాభిప్రాయం.

లక్షణానికి విరుద్ధమైన భాషను చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) గ్రామ్యమన్నది. మరి ఎల్లిగడ్డ లక్షణవిరుద్ధమా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వాడుకలో వెన్నెల ఎన్నెల అవుతుంది, వెన్న ఎన్న అవుతుంది, వినుట ఇనుట అవుతుంది. ఇ, ఎ లకు ముందున్న పదాది వకారం లోపించడం ఇక్కడ నియతంగా కనబడుతున్నది. నియతమైనదానిని లక్షణమనక మరేమందుము? తెల్లని ఉల్లి కనుక వెల్లుల్లి; కన్నడులది బెళ్ళుళ్ళి, మలయాళులది వెళుత్తుళ్ళి. రెండు 'ల్లి'లు ఎదురైనచోట ఒకటి జారి వెల్లి, ఆపై వకారం పోయి ఎల్లి. రాయలసీమవారు తెల్లగడ్డ అంటూ అదే వర్ణాన్ని మరొక మాటతో నిలుపుకొన్నారు. ఆంగ్లేయుల పేరుకు మూలార్థం ఈటెవంటి ఉల్లి; వారు ఆకారం చూశారు, మనవారు రంగు చూశారు.

ఇంకొక సంగతి. పాయ అనగా విడివడిన భాగం. జడకూ ఏటికీ పాయలుంటాయి. రెబ్బలుగా విడిపోయే వెల్లుల్లికి ఆ మాట తగును గాని, పొరలుపొరలుగా ఉండే ఉల్లికి అంతగా తగదు. ఉల్లిగడ్డ అనే తెలంగాణ వ్యవహారమే వస్తుస్వభావానికి దగ్గరగా ఉన్నదని నాకు తోస్తుంది. కోస్తా మిత్రులు నన్ను మన్నింతురు గాక.

సంస్కృతంలో జరిగినదేమి? షడ్రసాలలో ఆమ్లం ఒక్కటి లోపించినది గనుక, రస ఊనమైనది రసోనమని వైద్యగ్రంథాల నిర్వచనం. లశునమే ర-లల అభేదం చేత రూపు మారగా, ఆ మారిన రూపానికి తరువాత ఈ వ్యుత్పత్తి కుదిర్చారని నా ఊహ. లశునం రసోనమైతే నిరుక్తి చెప్పి ఆదరించాము. వెల్లుల్లి ఎల్లి అయితే ఎర్రసిరా తీశాము. ఇది న్యాయమా?

భావప్రకాశం మూలంలో కటువు, ఆకులో తిక్తం, కాడలో కషాయం, కాడ కొనలో లవణం, బీజంలో మధురం అని ఐదు రసాలనూ పంచిపెట్టింది. సాగులోని వెల్లుల్లి సాధారణంగా విత్తనం కట్టదు. రైతు రెబ్బనే నాటుతాడు. కాబట్టి అక్కడి బీజం పూగుత్తిలో పుట్టే చిరుగడ్డలు కావచ్చును. సేద్యగానిని అడుగక ఈ పాఠానికి అర్థం చెప్పబూనడం సాహసం. వాసన విషయమూ అంతే: చితుగని రెబ్బకు అంత ఘాటుండదు, చితికినప్పుడే అందులోని ఎంజైము పనిచేసి అల్లిసిన్ పుడుతుంది. దానిని 1944లో కావల్లిటో, బెయిలీ వేరుచేశారు. రోట్లో ఎల్లిపాయ కారం నూరే ఇల్లాలికి ఈ క్రియ ఎప్పటినుండో తెలుసు, పేరు తెలియకపోవచ్చును.

నిషేధించిన సంప్రదాయమే దారి కూడా చూపింది. 1890లో కూచాలో బవర్‌కు లభించిన ప్రాచీన వ్రాతప్రతి లశునప్రశస్తితోనే మొదలవుతుంది. గోవుకు మూడు రాత్రులు మేత తగ్గించి, పిదప గడ్డిలో వెల్లుల్లి కాడలు కలిపి మేపితే, దాని పాలూ పెరుగూ బ్రాహ్మణుడు ఆచారభంగం లేకుండా సేవించవచ్చునని అందులో ఉన్నది. నవ్వు రావచ్చును గాని, ఔషధాన్ని వదులుకోలేని మనస్సు అందులో కనబడుతుంది. కాశ్యపసంహిత లశునకల్పమని ఒక అధ్యాయాన్నే కేటాయించింది.

ధర్మపురి వైదికుల ఇండ్లలో పనికిరాని ఈ గడ్డ, అదే జిల్లాలో మక్కగారెల పిండిలోను, మామిడికాయ తొక్కులోను లేకుండా జరుగదు. సిరిసిల్ల సాంచెల కార్మికునికి కూర లేని పూట వేడి అన్నంలో ఎల్లిపాయ కారమే కూర. ఇంతమంది నోట నలిగిన మాటను అశుద్ధమనడానికి మనకు అధికారం ఎవరిచ్చారు?

భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయపదాలతో 1962లో, చేనేతపదాలతో 1971లో వెలువడింది. పదాలను వాడుకరుల నోటనుండి సేకరించిన ఆ పద్ధతిలోనే మన ప్రాచ్యకళాశాలల విద్యార్థులు ఈ మూడు ఊళ్ళ వంటిండ్లలోని మాటలను కూర్చవలసి ఉన్నది. గడ్డకు ఒక పేరు, రెబ్బకు ఒక పేరు, పొట్టుకు ఒక పేరు, దంచిన ముద్దకు ఒక పేరు. చెప్పినవారి ఊరు, వయస్సు, వృత్తి పక్కనే వ్రాయాలి. ఎల్లిగడ్డ అనే ఆరోపం వద్ద 'గ్రామ్యం' అనే సంకేతం పెట్టవద్దు, 'వెల్లుల్లి చూ.' అని పంపివేయనూ వద్దు. అర్థం అక్కడే చెప్పాలి.