మబ్బు కింది సముద్రాన్ని కొలిచేదెవరు?
ఉపగ్రహాలూ బోయాలూ ఉండగా పరిశోధక నౌకల మీద పూటపూటా వాతావరణం రాసుకోవడం దేనికని అడిగేవాళ్లున్నారు. 1999 జులై, ఆగస్టుల్లో బాబ్‌మెక్స్ అనే రుతుపవన పరిశీలన ప్రయోగానికి సాగర్ కన్య పరిశోధక నౌక బంగాళాఖాతంలో చేసిన పని చూస్తే ఆ ప్రశ్న నిలవదు. రుతుపవన మేఘం కమ్మితే ఉపగ్రహంలోని పరారుణ పరికరానికి సముద్రం కనబడదు. మైక్రోవేవ్ మేఘాన్ని దాటుతుంది గానీ, జోరువానలో అదీ తడబడుతుంది. మనకు వాన తెచ్చే వ్యవహారమంతా నడిచేది ఆ మబ్బు కిందే. నీటి వేడి, దాని పైనున్న గాలి వేడి, తేమ, గాలి వేగం, ఈ నాలుగూ తెలిస్తేనే సముద్రం ఎంత ఆవిరి ఇస్తోందో లెక్కకు అందుతుంది. ఇక డెక్ మీంచి వదిలిన బెలూన్ రేడియోసాండ్ అనే కొలత పరికరాన్ని మోసుకుపోతూ ఆకాశంలో పొరపొరకీ వేడి, తేమ ఎలా మారాయో పంపుతుంది; నీటి మీద తేలే బోయా ఆ పని చేయలేదు. ఓడే కొలతను చెడగొడుతుందన్న అభ్యంతరం నిజమే. మధ్యాహ్నం కాగిన ఇనుప డెక్ గాలి ఉష్ణోగ్రతను పెంచి చూపుతుంది. బకెట్‌తో తోడిన నీరు కొలిచేలోపు ఆవిరై చల్లబడుతుంది, ఇంజన్ గొట్టంలోకి వచ్చిన నీరు కాస్త వెచ్చబడుతుంది. అందుకే పరికరం ఎక్కడ, ఎంత ఎత్తున ఉందో అంకె పక్కనే రాయాలి. అలా రాసి ఉంటే ఎన్నేళ్ల తర్వాతైనా దిద్దుకోవచ్చు, రాయని రోజును మాత్రం ఎవరూ తిరిగి కొలవలేరు. కనుక నౌకాయాత్రల ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు వాతావరణ పరిశీలకుడి చోటును ముందుగా కొట్టేయకండి.